లినక్స్ 8 మీద ఒరాకిల్ 19సీ: ఓఎస్ వార్నింగ్ వస్తే ఏం చేయాలి

ఒరాకిల్ 19సీ డేటాబేస్ బేస్ జిప్‌ని లినక్స్ 8 (రెడ్ హ్యాట్ లేదా ఒరాకిల్ లినక్స్ 8వ వెర్షన్) సర్వర్ మీద విప్పి, ఇన్‌స్టాల్ మొదలుపెట్టే రన్‌ఇన్‌స్టాలర్ ప్రోగ్రాం కొడితే, పని మొదలవ్వకముందే ఒక పెట్టె తెరుచుకుని ఐఎన్ఎస్-08101 అంటుంది. 'సపోర్టెడ్ ఓఎస్ చెక్' అనే దశలో అనుకోని ఎర్రర్ వచ్చిందని దాని సారాంశం. లాగ్ తెరిస్తే జావా నల్ పాయింటర్ ఎక్సెప్షన్ ఒకటి బారుగా కనిపిస్తుంది. కొత్తగా డీబీఏ (డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్) పనిలోకి వచ్చినవాళ్లకు టెన్షన్ మొదలయ్యేది ఇక్కడే. హైదరాబాద్‌లో మా టీమ్‌లో చేరే పిల్లల్లో చాలామంది అమీర్‌పేటలో కోర్సు చేసి వస్తారు. అక్కడ ల్యాబ్‌లో లినక్స్ 7 మీద చేసినప్పుడు వాళ్లకు ఈ ఎర్రర్ ఎదురుపడి ఉండదు. "అక్కా, జిప్ పాడైనట్టుంది, మళ్లీ డౌన్‌లోడ్ చేయనా?" అని ఫోన్ చేస్తారు. జిప్ బాగానే ఉంటుంది. దాదాపు మూడు జీబీ ఫైల్‌ని మళ్లీ దించుకోవాల్సిన అవసరం లేదు.

వాళ్లకు ఫోన్‌లో చెప్పినట్టే ఇక్కడా చెప్తాను. కమాండ్‌లో ఎక్కడ అండర్‌స్కోర్ ఉందో, ఎక్కడ ఖాళీ ఉండకూడదో మాటల్లోనే చెప్తాను, మీరు కీబోర్డ్ మీద కొట్టుకోండి.

ముందు అసలు ఈ ఎర్రర్ ఎందుకొస్తుందో తెలియాలి. అది తెలియకుండా దాటితే తర్వాత ఏది ఎందుకు విరిగిందో పట్టుకోలేరు. బేస్ జిప్‌లో ఉన్న 19.3 వెర్షన్ లినక్స్ కోసం బయటికొచ్చింది 2019 ఏప్రిల్‌లో. రెడ్ హ్యాట్ 8 వచ్చింది అదే ఏడాది మేలో, ఒరాకిల్ లినక్స్ 8 జూలైలో. అంటే ఈ ఇన్‌స్టాలర్ రాసేనాటికి లినక్స్ 8 ఇంకా మార్కెట్లో లేదు. మనం ఇవాళ దించుకునే బేస్ జిప్ కూడా ఆ 19.3యే. తర్వాత ఎన్ని అప్‌డేట్లు వచ్చినా బేస్ జిప్‌ని మాత్రం మార్చలేదు. ఇన్‌స్టాలర్ లోపల సీవీయూ అనే తనిఖీ ప్రోగ్రాం ఒకటి ఉంటుంది. క్లస్టర్ వెరిఫికేషన్ యుటిలిటీ దాని పూర్తి పేరు. సింగిల్ సర్వర్ ఇన్‌స్టాల్‌లోనూ తనిఖీలు చేసేది అదే. దాని దగ్గర తనకు తెలిసిన ఓఎస్‌ల పట్టీ ఉంటుంది. పాత ఓటర్ల జాబితా ముందు పెట్టుకుని కూర్చున్న పోలింగ్ ఆఫీసర్ దగ్గరికి కొత్తగా ఊళ్లోకి వచ్చినవాడు వెళ్తే ఏమవుతుందో ఇక్కడా అదే జరుగుతుంది. మనిషి ఎదురుగానే ఉన్నాడు, జాబితాలో పేరు లేదు.

రెడ్ హ్యాట్ 7, దాని ఉచిత రూపం సెంటాస్ 7 రెండింటికీ మామూలు సపోర్ట్ గడువు 2024 జూన్ 30తో ముగిసింది. 19సీని మాత్రం చాలా కంపెనీలు ఇంకా నడుపుతూనే ఉన్నాయి. అందుకే పాత ఇన్‌స్టాలర్‌ని కొత్త ఓఎస్ మీద పెట్టాల్సిన పని ఇప్పుడు ఇంతగా తగులుతోంది.

వేరియబుల్ పెట్టడం

పరిష్కారం ఒకే లైన్. సీవీయూ ఓఎస్ పేరు తానే కనుక్కోకుండా, మనం చెప్పిన పేరు తీసుకునేలా ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ఉంది. దాని పేరు మూడు ముక్కలు: సీవీ, అస్యూమ్, డిస్ట్‌ఐడీ. అన్నీ క్యాపిటల్ అక్షరాలే. ముక్కకీ ముక్కకీ మధ్య ఒక్కో అండర్‌స్కోర్, మొత్తం రెండు. 'డిస్ట్' కీ 'ఐడీ' కీ మధ్య అండర్‌స్కోర్ లేదు, అవి కలిపి ఒకే ముక్క. చాలామంది తప్పు కొట్టేది అక్కడే. తప్పు పేరు కొడితే షెల్ ఏమీ అనదు, ఆ పేరుతోనే ఒక వేరియబుల్ తయారుచేసి ఊరుకుంటుంది. ఎర్రర్ మాత్రం మళ్లీ అదే వస్తుంది.

ముందు ఎక్స్‌పోర్ట్ అని కొట్టి, ఒక ఖాళీ ఇచ్చి, ఈ పేరు, వెంటనే ఈక్వల్ గుర్తు, వెంటనే ఓఈఎల్7.6 (అంటే ఒరాకిల్ లినక్స్ 7.6) అని కొట్టండి. ఈక్వల్‌కి అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఓఈఎల్‌కీ 7కీ మధ్య కూడా ఖాళీ వద్దు. కొట్టాక ఎకో పెట్టి వేరియబుల్‌లో ఏముందో కళ్లతో చూసుకోండి. నేను ఫోన్‌లో ఉన్నప్పుడు ఈ ఎకో ఫలితాన్ని పైకి చదవమంటాను.

ఎక్కడ కొట్టాలన్నది కూడా ముఖ్యమే. రూట్‌గా (సర్వర్ అడ్మిన్ యూజర్‌గా) ఉండి ఎక్స్‌పోర్ట్ కొట్టి, తర్వాత ఎస్‌యూ, ఖాళీ, హైఫన్, ఖాళీ, ఒరాకిల్ అని మారితే ఆ వేరియబుల్ పోతుంది. ఆ హైఫన్ పనే కొత్త లాగిన్ షెల్ తెరవడం, పాత షెల్‌లోవి అందులోకి రావు. సుడోతో మారినా మామూలుగా ఇదే జరుగుతుంది. కాబట్టి ముందు ఒరాకిల్ యూజర్‌లోకి రండి. ఒరాకిల్ హోమ్, అంటే బేస్ జిప్ విప్పిన డైరెక్టరీలోకి వెళ్లండి. అక్కడ ఎక్స్‌పోర్ట్ కొట్టి, అదే టెర్మినల్‌లో రన్‌ఇన్‌స్టాలర్ నడపండి. రెండు పుట్టీ (టెర్మినల్) విండోలు తెరిచి ఒకదాంట్లో ఎక్స్‌పోర్ట్, ఇంకోదాంట్లో ఇన్‌స్టాలర్ నడిపితే పనిచేయదు.

ఇంకో దారి కూడా ఉంది. ఒరాకిల్ హోమ్‌లో సీవీ డైరెక్టరీ, అందులో అడ్మిన్, అందులో సీవీయూ కాన్ఫిగ్ అనే ఫైల్. ఇదే వేరియబుల్‌కి అక్కడ ఒక లైన్ ఉంటుంది. దాని ముందు హ్యాష్ ఉంటే తీసేసి విలువ మార్చితే అదే ఫలితం. స్క్రిప్ట్‌తో ఒకేసారి పదిహేను ఇరవై సర్వర్లు చేసేవాళ్లకు ఇది తేలిక. నేను మాత్రం చేత్తో చేసేటప్పుడు దీన్ని వాడను. ఫైల్‌లో రాసింది అక్కడే ఉండిపోతుంది, రేపు ఇంకెవరో అదే హోమ్ నుంచి తనిఖీ నడిపినప్పుడు అది మన పాత సమాధానమే తీసుకుంటుంది. షెల్‌లో పెట్టింది షెల్ మూసేస్తే పోతుంది.

మార్చకూడని ఫైల్

నెట్‌లో వెతికితే మూడో సలహా కూడా దొరుకుతుంది. ఈటీసీ డైరెక్టరీలో రెడ్‌హ్యాట్-రిలీజ్ ఫైల్ తెరిచి 8 బదులు 7.6 అని రాసేయమంటారు. దయచేసి ఆ పని చేయకండి. వేరియబుల్ ఒక్క ఇన్‌స్టాలర్‌కి చెప్పే మాట. ఈ ఫైల్‌లో రాసేది సర్వర్ మీదున్న ప్రతి ప్రోగ్రాంకీ చెప్పే మాట. బ్యాకప్ ఏజెంట్, యాంటీవైరస్, మానిటరింగ్, సెక్యూరిటీ స్కానర్ లాంటివాటిలో చాలా వాటికి ఏ ఓఎస్ అని తెలిసేది ఇలాంటి ఫైళ్ల నుంచే.

ఒక క్లయింట్ దగ్గర ఇదే చూశాను. డేటాబేస్ ఎక్కించినవాళ్లు ఆ ఫైల్ మార్చి, తిరిగి సరిచేయకుండా వెళ్లిపోయారు. కొన్నాళ్లకు బ్యాకప్ టీమ్ వాళ్ల ఏజెంట్ పెట్టబోతే, అది లినక్స్ 7 అనుకుని ఆ ప్యాకేజీ తెచ్చుకుంది, సర్వీస్ పైకి లేవలేదు. వాళ్లు నెట్‌వర్క్ టీమ్‌ని అడిగారు, ఫైర్‌వాల్ చూశారు, పోర్టులు చూశారు. చివరికి ఒకబ్బాయి కెర్నల్ వెర్షన్‌నీ ఈ ఫైల్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా బయటపడింది. కెర్నల్ 4.18 అంటోంది, ఫైల్ 7.6 అంటోంది. 7లో రెడ్ హ్యాట్ కెర్నల్ 3.10. అనుమానం వచ్చినప్పుడు మీరూ ఇలాగే పోల్చి చూడొచ్చు. ఆర్‌పీఎం (లినక్స్ ప్యాకేజీల కమాండ్) వెరిఫై కొట్టినా రిలీజ్ ప్యాకేజీలో ఫైల్ మారిందని చెప్తుంది.

పేరు మార్చి చెప్తే రెండు పక్కలా తేడా వస్తుంది

ఈ భాగం కోసమే ఇదంతా రాస్తున్నాను. వేరియబుల్ పెట్టగానే పెట్టె రాకుండా ఇన్‌స్టాలర్ మామూలుగా తెరుచుకుంటుంది, అందరూ హమ్మయ్య అనుకుంటారు. కానీ మనం 'ఇది 7.6' అని చెప్పాం కాబట్టి ఇక అది 7.6కి ఏమేం కావాలో అవే అడుగుతుంది. దానివల్ల రెండు జరుగుతాయి. 8లో అవసరం లేనివి లేవని గొడవ చేస్తుంది. 8లో తప్పకుండా కావాల్సినవి అడగకుండా వదిలేస్తుంది. మొదటిది కళ్లకు కనిపిస్తుంది కాబట్టి అందరూ దానిగురించే కంగారుపడతారు. ప్రమాదమంతా రెండోదాంట్లోనే ఉంది.

మొదటిదానికి ఉదాహరణ: ప్రీ-రిక్విజిట్ తెరలో కంపాట్ లిబ్‌క్యాప్ 1 అనే ప్యాకేజీ 'ఫెయిల్డ్' అని వస్తుంది. లినక్స్ 7లో 19సీకి అది కావాలి. లినక్స్ 8లో ఆ ప్యాకేజీయే లేదు, 8 కోసం ఒరాకిల్ ఇచ్చిన ప్యాకేజీల జాబితాలోనూ అది లేదు. కాబట్టి ఈ లైన్‌ని నిశ్చింతగా ఇగ్నోర్ చేయొచ్చు. కొందరు 7 నుంచి ఆ ఆర్‌పీఎం తెచ్చి 8 మీద బలవంతంగా ఎక్కిస్తారు. తనిఖీ తెర ఆకుపచ్చగా మారుతుంది తప్ప అంతకుమించి ఉపయోగం లేదు, పైగా 8 సర్వర్ మీద 7 ప్యాకేజీ మిగిలిపోతుంది.

రెండోదానికి ఉదాహరణ లిబ్ ఎన్ఎస్ఎల్ అనే లైబ్రరీ. 7లో ఇది జీలిబ్‌సీ (లినక్స్ మూల సీ లైబ్రరీ)తో పాటే వచ్చేది, విడిగా అడగాల్సిన పని ఉండేది కాదు. 8లో దాన్ని వేరే ప్యాకేజీగా విడదీశారు, మినిమల్ ఇన్‌స్టాల్‌లో అది లేకపోవచ్చు. 7.6 పట్టీలో దాని పేరు లేదు కాబట్టి సీవీయూ ఒక్క మాట కూడా అనదు. తనిఖీ పూర్తయ్యాక ఏదో ఒక దగ్గర 'లిబ్ ఎన్ఎస్ఎల్ డాట్ ఎస్ఓ డాట్ 1 తెరవలేకపోయాను' అంటూ పని ఆగిపోతుంది. పెద్ద మెసేజ్‌ల మధ్య ఆ చిన్న లైన్ కళ్లకు ఆనదు.

అందుకే వేరియబుల్ పెట్టే ముందే, 8కి సంబంధించిన ప్యాకేజీల జాబితాని ఒరాకిల్ 19సీ లినక్స్ ఇన్‌స్టలేషన్ గైడ్‌లోంచి తీసి, మనమే చేత్తో సరిచూడాలి. ప్రోగ్రాం చేయాల్సిన తనిఖీని మనం పక్కకు తప్పించాం, ఆ బాధ్యత ఇప్పుడు మనది. ప్యాకేజీల పేర్లు ఒక టెక్స్ట్ ఫైల్‌లో లైన్‌కొకటి పెట్టుకుని, ఆర్‌పీఎం క్వెరీకి ఇస్తే లేనివాటికి 'ఇన్‌స్టాల్ కాలేదు' అని వస్తుంది. ఐదు నిమిషాల పని.

ఒరాకిల్ లినక్స్ వాడుతుంటే ఇంకా తేలిక. ఒరాకిల్-డేటాబేస్-ప్రీఇన్‌స్టాల్-19సీ అనే ప్యాకేజీని డీఎన్ఎఫ్ (ప్యాకేజీలు ఎక్కించే కమాండ్)తో పెట్టేయండి. పదాల మధ్య హైఫన్లు. అది 8 కోసం తయారైన ప్యాకేజీ కాబట్టి 8కి కావాల్సినవే తెస్తుంది. ఒరాకిల్ యూజర్‌ని, ఓఇన్‌స్టాల్, డీబీఏ లాంటి గ్రూపుల్ని సృష్టిస్తుంది, కెర్నల్ పారామీటర్లు, యూజర్ లిమిట్స్ కూడా రాస్తుంది. రెడ్ హ్యాట్ వాళ్ల రిపోజిటరీలో ఇది ఉండదు. ఒరాకిల్ యమ్ సైట్ నుంచి ఆర్‌పీఎం దించుకుని పెట్టుకోవచ్చు.

మిగిలిన వార్నింగ్‌లు

ప్రీ-రిక్విజిట్ తెరలో పైన 'ఇగ్నోర్ ఆల్' అనే చిన్న టిక్ పెట్టె ఉంటుంది. కంపాట్ లిబ్‌క్యాప్ ఎలాగూ ఫర్వాలేదని తెలిశాక అందరి చెయ్యీ అటే పోతుంది. ఆ టిక్ పెట్టే ముందు జాబితాలో ప్రతి లైన్ చదవండి. ఒక్కో లైన్‌కి ఒకే ప్రశ్న వేసుకోండి: ఇది ఓఎస్ పేరు తెలియక వచ్చిందా, లేక నిజంగానే ఏదో తక్కువైందా?

కెర్నల్ పారామీటర్లలో ఫైల్-మ్యాక్స్ 6815744 ఉండాలంటే ఉండాల్సిందే. అది 7 అయినా 8 అయినా ఒకటే. ఏఐఓ-మ్యాక్స్-ఎన్ఆర్ 1048576, పోర్ట్ రేంజ్ 9000 నుంచి 65500, సెమాఫోర్‌లు 250, 32000, 100, 128. వీటిలో ఏది ఫెయిల్ అయినా ఇగ్నోర్ వద్దు. 'ఫిక్స్ అండ్ చెక్ అగైన్' నొక్కితే టెంప్ డైరెక్టరీలో రన్‌ఫిక్సప్ స్క్రిప్ట్ తయారుచేసి రూట్‌గా నడపమంటుంది. నడిపి మళ్లీ చెక్ చేయిస్తే ఆ లైన్లు పోతాయి.

స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ స్థలం) విషయంలో కొంచెం ఆలోచించి నిర్ణయించుకోవచ్చు. ర్యామ్ 2 నుంచి 16 జీబీ మధ్య ఉంటే అంతే స్వాప్ కావాలంటుంది, 16 దాటితే 16 జీబీ. ఇంట్లో ల్యాప్‌టాప్ మీద వర్చువల్ మెషిన్‌లో నేర్చుకునేవాళ్లు తక్కువ స్వాప్‌తో ముందుకెళ్లినా నష్టం లేదు. ప్రొడక్షన్ సర్వర్ మీద స్వాప్ ఫెయిల్ అయిందంటే లినక్స్ టీమ్‌కి టికెట్ పెట్టండి. వాళ్లకు అది చిన్న పని, మీకు నెలాఖరు రిపోర్టులు నడిచే రాత్రి అది పెద్ద పని అవుతుంది.

సైలెంట్ మోడ్‌లో (తెరలు లేకుండా, జవాబులన్నీ ఒక రెస్పాన్స్ ఫైల్‌లో ఇచ్చి) చేసేవాళ్లకు ఇగ్నోర్‌ప్రీరెక్‌ఫెయిల్యూర్ అనే స్విచ్ ఉంది. అది కూడా 'ఇగ్నోర్ ఆల్' లాంటిదే, ఇంకా గుడ్డిది. ముందు ఎగ్జిక్యూట్‌ప్రీరెక్స్ స్విచ్‌తో తనిఖీలు మాత్రమే నడపండి. రెస్పాన్స్ ఫైల్ ఇవ్వాలి, ఇన్‌స్టాల్ ఏమీ జరగదు. ఐఎన్ఎస్-13014 వస్తే తప్పనిసరి కానివి కొన్ని లేవని అర్థం, ఐఎన్ఎస్-13013 వస్తే తప్పనిసరైనవే లేవని అర్థం. రెండు నంబర్లూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, చివరి అంకె గమనించండి. ఏవి ఫెయిల్ అయ్యాయో టెంప్‌లో ఇన్‌స్టాల్‌యాక్షన్స్ అని మొదలై పక్కనే తేదీ ఉండే డైరెక్టరీలోని లాగ్‌లో ఉంటాయి. అది పూర్తిగా చదివి, ప్రతి లైన్‌కీ సమాధానం చెప్పగలిగాకే ఇగ్నోర్ స్విచ్ వాడండి.

ప్రొడక్షన్‌లో అయితే ఆర్‌యూతో కలిపే ఎక్కించాలి

ఇంతవరకూ చెప్పిన వేరియబుల్ పద్ధతి ఇన్‌స్టాలర్‌ని ముందుకు నడిపిస్తుంది. దానివల్ల 19.3 లినక్స్ 8కి తగినట్టు మారిపోదు. ఒరాకిల్ 8 మీద 19సీకి సర్టిఫికేషన్ ఇచ్చింది తర్వాత వచ్చిన రిలీజ్ అప్‌డేట్లతో, అంటే ఆర్‌యూలతో. కాబట్టి ప్రొడక్షన్‌లో బేస్ ఎక్కించి వదిలేయడం నేను ఒప్పుకోను. ఎక్కించేటప్పుడే ఆర్‌యూ కలిపేయాలి. ఇది వినడానికి పెద్ద పనిలా ఉంటుంది గానీ 19సీలో చాలా సులువు.

బేస్ జిప్‌ని ఒరాకిల్ హోమ్ డైరెక్టరీలోనే విప్పాలి, 18సీ నుంచి పద్ధతి అదే. తర్వాత హోమ్‌లో ఉన్న ఓప్యాచ్ (ప్యాచ్‌లు ఎక్కించే ప్రోగ్రాం) డైరెక్టరీ పేరు మార్చి పక్కన పెట్టి, ప్యాచ్ నంబర్ 6880880 కింద దొరికే కొత్త ఓప్యాచ్‌ని అక్కడ విప్పండి. బేస్‌తో వచ్చిన ఓప్యాచ్ పాతది, కొత్త ఆర్‌యూని అది తీసుకోదు. కనీసం ఏ వెర్షన్ ఉండాలో ఆర్‌యూ రీడ్‌మీలో రాసి ఉంటుంది. ఆర్‌యూ జిప్‌ని మాత్రం హోమ్ బయట వేరే డైరెక్టరీలో, ఒరాకిల్ యూజర్‌గా విప్పండి. విప్పితే ప్యాచ్ నంబర్ పేరుతో ఒక డైరెక్టరీ వస్తుంది.

ఇప్పుడు రన్‌ఇన్‌స్టాలర్‌కి అప్లైఆర్‌యూ స్విచ్ ఇచ్చి, పక్కన ఆ నంబర్ డైరెక్టరీ పూర్తి దారి ఇవ్వాలి. దాని పైన ఉన్న డైరెక్టరీ ఇస్తే పనిచేయదు. కొట్టాక కొంతసేపు తెర మీద 'ప్రిపేరింగ్ ద హోమ్ టు ప్యాచ్' అని మాత్రమే ఉంటుంది. వేలాడిపోయిందనుకుని కంట్రోల్ సీ కొట్టకండి. ఆ పని మధ్యలో ఆగితే ఆ హోమ్ ఇక పనికిరాదు. మళ్లీ నడిపితే 'హోమ్ శుభ్రంగా లేదు, వేరే హోమ్ వాడు' అంటుంది. అప్పుడు డైరెక్టరీ తీసేసి బేస్ జిప్ మళ్లీ విప్పుకోవడమే మార్గం. ప్యాచ్ సక్సెస్ అని వచ్చాక ఇన్‌స్టాలర్ తెర దానంతటదే తెరుచుకుంటుంది.

ఆర్‌యూ కలిపినా కొన్నిసార్లు వేరియబుల్ కావాల్సి వస్తుంది. ముందు అది లేకుండా ప్రయత్నించండి, ఐఎన్ఎస్-08101 వస్తే పెట్టండి.

ఆర్‌యూ, కొత్త ఓప్యాచ్ రెండూ దించాలంటే ఒరాకిల్ సపోర్ట్ అకౌంట్ ఉండాలి. నేర్చుకునే పిల్లల దగ్గర అది ఉండదు. వాళ్లకు నా సలహా: ల్యాబ్ కోసం వేరియబుల్‌తో బేస్ ఎక్కించుకోండి, ఇబ్బంది లేదు. ఎస్‌క్యూఎల్, పీఎల్ఎస్‌క్యూఎల్ వరకే కావాలంటే ఒరాకిల్ ఫ్రీ ఎడిషన్ (23ఏఐ పేరుతో ఉండేది, 2025లో 26ఏఐ అయింది) పెట్టుకోండి. దానికి లినక్స్ 8కీ 9కీ విడివిడిగా ఆర్‌పీఎం ఉంది, ఈ గొడవంతా ఉండదు. రెండు సీపీయూ థ్రెడ్లు, 2 జీబీ ర్యామ్, 12 జీబీ డేటా దాటకూడదన్నదే పరిమితి. ఇన్‌స్టలేషన్ నేర్చుకోవాలనుకునేవాళ్లు మాత్రం 19సీతోనే కుస్తీ పట్టాలి, ఉద్యోగంలో ఎదురయ్యేది అదే.

లినక్స్ 9 మీద ఇదే పద్ధతి చాలదు

8లో వేరియబుల్ పనిచేసింది కదా అని 9 మీద కూడా బేస్ 19.3కి అదే పెట్టి నడిపేవాళ్లున్నారు. పెట్టె రాదు, తనిఖీలు దాటుతాయి, తీరా ప్రోగ్రాంలను లింక్ చేసే దగ్గర ఐఎన్ఎస్ ఆర్‌డీబీఎంఎస్ మేక్‌ఫైల్‌లో ఎర్రర్ వచ్చి ఆగుతుంది. రీట్రై, ఇగ్నోర్ అని బటన్లు వస్తాయి. ఇక్కడ ఇగ్నోర్ నొక్కితే ఇన్‌స్టాల్ పూర్తయినట్టే కనిపిస్తుంది, డేటాబేస్ మాత్రం లేవదు.

ఇక్కడ అడ్డం పడింది పేరు కాదు. రెడ్ హ్యాట్ 7లో జీలిబ్‌సీ 2.17, 8లో 2.28, 9లో 2.34. ఈ 2.34లో పీథ్రెడ్ లైబ్రరీని జీలిబ్‌సీ అసలు లైబ్రరీలోనే కలిపేశారు. పాత మేక్‌ఫైళ్లు వెతికే కొన్ని ఫైళ్లు ఇప్పుడు అక్కడ లేవు. ఓఎస్ నిజంగానే మారింది, మనం 7.6 అని ఎంత గట్టిగా చెప్పినా లేని ఫైల్ పుట్టదు. 19సీకి 9 మీద సర్టిఫికేషన్ 19.19 నుంచి ఉంది. 9 మీద అయితే 19.19 లేదా ఆ తర్వాతి ఆర్‌యూ కలపకుండా మొదలే పెట్టకండి. ఆ ఆర్‌యూతో పాటు ఇంకేవైనా ప్యాచ్‌లు కావాలని రీడ్‌మీలోనో సపోర్ట్ నోట్‌లోనో ఉంటే, వాటినీ అప్లైవన్‌ఆఫ్స్ స్విచ్‌తో అదే కమాండ్‌లో ఇవ్వొచ్చు.

రెడ్ హ్యాట్‌కి ఉచిత ప్రత్యామ్నాయాలైన రాకీ, అల్మా లినక్స్‌ల గురించి కూడా అడుగుతుంటారు. సెంటాస్ 8 గడువు 2021 డిసెంబర్ 31తోనే ముగిశాక చాలామంది వాటికి మారారు. వాటి మీద 19సీ వేరియబుల్‌తో ఎక్కుతుంది, నడుస్తుంది. కానీ ఒరాకిల్ సర్టిఫై చేసిన ఓఎస్‌లలో అవి లేవు. డెవలప్‌మెంట్, టెస్ట్ సర్వర్లకు వాడండి. సపోర్ట్ కాంట్రాక్ట్‌కి డబ్బు కడుతున్న ప్రొడక్షన్‌కి మాత్రం వద్దని మేనేజర్‌కి మెయిల్‌లో రాసి చెప్పండి. నోటిమాటగా చెప్తే మర్చిపోతారు.

అంతా అయ్యాక చూడాల్సినవి

రూట్‌గా ఓరాఇన్‌స్ట్‌రూట్, రూట్ స్క్రిప్ట్‌లు నడిపాక ఇన్‌స్టాలర్ 'సక్సెస్' అంటుంది. సైలెంట్‌లో వార్నింగ్‌లు ఇగ్నోర్ చేసి ఉంటే 'వార్నింగ్స్‌తో సక్సెస్' అంటుంది. ఆ మాటని నేను నమ్మి వదిలేయను. హోమ్‌లో బిన్ డైరెక్టరీకి వెళ్లి ఒరాకిల్ అనే ఫైల్ సైజు చూడండి. లింకింగ్ విఫలమైతే అది సున్నా బైట్లు ఉంటుంది. సున్నా కనిపిస్తే హోమ్‌లో ఇన్‌స్టాల్ డైరెక్టరీలోని మేక్ లాగ్ తెరవండి, కారణం అక్కడ ఉంటుంది. తర్వాత ఎస్‌క్యూఎల్‌ప్లస్ ఫైల్ మీద ఎల్‌డీడీ (ఏ లైబ్రరీలు కావాలో చూపే కమాండ్) నడిపి, 'నాట్ ఫౌండ్' అన్న లైన్ ఒక్కటైనా ఉందేమో గ్రెప్‌తో వెతకండి. పైన చెప్పిన లిబ్ ఎన్ఎస్ఎల్ లాంటివి చాలావరకు ఇక్కడ దొరికిపోతాయి.

ఓప్యాచ్ ఎల్ఎస్‌ప్యాచెస్ కొడితే మీరు కలిపిన ఆర్‌యూ కనిపించాలి. డేటాబేస్ సృష్టించాక వీ డాలర్ వెర్షన్‌లో బ్యానర్ ఫుల్ అనే కాలమ్ చూడండి. అక్కడ ఇంకా 19.3 అని ఉంటే మీ ఆర్‌యూ పడలేదన్నమాట. డీబీఏ రిజిస్ట్రీ ఎస్‌క్యూఎల్‌ప్యాచ్ వ్యూలో ఆ ఆర్‌యూ 'సక్సెస్' అని ఉందో లేదో కూడా చూసుకోండి.

ఇక వేరియబుల్ సంగతి. మళ్లీ మళ్లీ కొట్టడం ఎందుకని దాన్ని బ్యాష్ ప్రొఫైల్‌లో రాసి ఉంటే, ఆ లైన్ ఇప్పుడే తీసేయండి. అన్‌సెట్ కొట్టండి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అయి ఎకోతో ఖాళీ వస్తోందని చూసుకోండి. ఒరాకిల్ యూజర్ ప్రొఫైల్‌లో అది మిగిలిపోతే, రేపు ఆ సర్వర్ మీద సీవీయూ నడిపే ప్రతి పనీ 7.6 పట్టీతోనే తనిఖీ చేస్తుంది. సర్వర్ హ్యాండోవర్ నోట్‌లో రెండు లైన్లు రాయండి: ఏ విలువతో వేరియబుల్ పెట్టారో ఒకటి, ఏ వార్నింగ్‌లు ఏ కారణంతో ఇగ్నోర్ చేశారో ఇంకోటి. ఇన్‌స్టాల్‌యాక్షన్స్ లాగ్‌ని కూడా ఆ నోట్‌తో పాటే దాచుకోండి.